మోగిన మూగ ఫోను

వంటకీ మంటకీ తేడా ఒక్క అక్షరమే. ఆ ఒక్క అక్షరం కిందటివారం మన చెవులపిల్లి కొంప ముంచింది. మామూలుగా ముంచడం కాదు, ఫైరింజను గొట్టంతో ముంచింది.

పాఠకులు మరిచిపోయి ఉండరు. అత్యవసర సహాయ కేంద్రంలో ఫోనులు ఎత్తే ఉద్యోగం ఆమెది. మొహం కన్నా పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటుంది గనక ఆఫీసంతా చెవులపిల్లి అని పిలుస్తుంది. ఎవరో వంటమేస్త్రీ నీళ్ళ ట్యాంకరు వాళ్ళకి చేయబోయిన ఫోను పొరపాటున ఇటు వచ్చి తగిలింది. "వంట పెద్దదండీ, ఉన్న నీళ్ళు చాలవు, వెంటనే బండి పంపండి" అన్నాడతను. ఈమెకి వినబడింది "మంట పెద్దదండీ" అని. విన్నమాట తిరిగి చెప్పి "ఇదేనా?" అని అడగాలన్నది ఆ ఆఫీసులో మొదటిరోజే నేర్పే పాఠం. కంగారులో ఈమె అడగలేదు. ఫైరింజను గంటలు కొట్టుకుంటూ వెళ్ళింది, పొగలు కక్కుతున్న గుండిగలన్నిటినీ నిలువునా ఆర్పి వచ్చింది. ఆరనిదల్లా భోజనానికొచ్చినవాళ్ళ కడుపులో మంట.

"ఇంకొక్కసారి బండి దారి తప్పిందా, నీ దారి నువ్వు చూసుకోవలసిందే" అని సూపర్వైజరు కరాఖండీగా చెప్పేశాడు. పనికిరాని లైన్లని కచకచా కోసెయ్యడం ఆయన పని గనక ఆయన పేరు కత్తెర. ఎదురుగా మాత్రం సార్.

ఇంటి దగ్గర కథ ఇంకోలా ఉంది. ఆమె అత్తగారు వయసంతా బట్టల మిల్లులో నేతపని చేసిన మనిషి. వందల మగ్గాలు ఒక్కసారి ఆడే షెడ్డులో గొంతు ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే. అందుకని అక్కడి ఆడవాళ్ళు గొంతుని ఇంటి దగ్గర వదిలేసి పెదవులతోనే మాట్లాడుకునేవాళ్ళు. మిల్లు మూతపడింది గానీ మూతులు అలవాటు మానలేదు. అత్తగారి స్నేహితురాలు కండెలక్క ఇంటికొస్తే ఇద్దరూ ముందుగదిలో ఎదురెదురుగా కూర్చుని, చప్పుడు లేకుండా పెదవులాడిస్తూ కోడలి మీద చాడీలు చెప్పుకునేవాళ్ళు. నోరు మెదపకుండా ఉండే కోడళ్ళ గురించి మనం విన్నాం. నోరు మాత్రమే మెదిపే అత్తగార్లు వీళ్ళు. ఆ పెదవుల్ని కోడలు తలుపు చాటునుంచి ఓపిగ్గా చూసి, మెల్లమెల్లగా చదవడం నేర్చేసుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. 'పులుసులో ఉప్పు లేదు, మొహంలో నవ్వు లేదు' లాంటి బిరుదులన్నీ ఆమెకి కంఠతా వచ్చు.

ఈ మధ్య అత్తగారు మధ్యాహ్నం భోజనం కాగానే ఎటో మాయమైపోతున్నారు. "కండెలక్కకి మోకాళ్ళ నొప్పులు, చూసొస్తా" అంటారు. పాత యంత్రాలు కొని అమ్మే ఆసామి దగ్గర పనిచేసే ఆమె మొగుడి చొక్కా మీదా ఈ మధ్య దూదిపోగులు కనిపిస్తున్నాయి. అడిగితే "గాలికి" అంటాడు. ఏ గాలికో చెప్పడు.

సరే. ఇక ఈ వారం సంగతి.

ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. కొట్టే వాన కాదు, నిమిరే వాన. కిటికీ అద్దాల మీద నీళ్ళు జారుతుంటే వాటితోపాటు ఎదుటి వీధి, గొడుగులు, సైకిళ్ళు అన్నీ మెల్లగా కిందికి జారిపోతున్నట్టున్నాయి. పై అంతస్తులోని ఆ పొడుగాటి ఆఫీసు గదిలో కంప్యూటరు తెరల నీలివెలుగు తప్ప వేరే వెలుగు లేదు. ఆ వెలుగులో ఫోను ఎత్తేవాళ్ళందరూ నీళ్ళ అడుగున కూర్చున్న చేపల్లా నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నారు.

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే చెవులపిల్లికి శంఖం చెవి దగ్గర పెట్టుకున్నట్టుంటుంది. గొంతు వినబడగానే ఆ గొంతు వెనక గది కనబడుతుంది. పొద్దున ఒకావిడ, పిల్లాడు గుండీ మింగాడని ఏడ్చింది; ఆ ఏడుపు వెనకాల కట్టని కుళాయి, చల్లారిపోతున్న కాఫీ గ్లాసు ఈమెకి కనిపించాయి. ఇంకో ముసలాయన, భార్య లేవడం లేదని చెబుతూ మధ్యలో "దుప్పటి కప్పనా?" అని అడిగాడు, ఆ దుప్పటి అంచు నీలంరంగని ఈమెకి ఎలాగో తెలిసిపోయింది. చూడని ఊరొకటి ఆమె చెవుల్లో కాపురముంటోంది. ఆ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి జరిగిపోతూ ఉంటుంది, ప్రతి తలుపూ ఆమె మాటకోసం సగం తెరిచి ఉంటుంది.

అప్పుడు మోగింది.

"హలో, అత్యవసర సహాయ కేంద్రం. ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?"

జవాబు లేదు.

అది ఖాళీ మౌనం కాదు, నిండు మౌనం. దాని వెనక దూరంగా ఇంకో వాన కురుస్తోంది. కిటికీ అవతలి వానలా తడిది కాదది, పొడి వాన. ఒక లెక్కలో, ఒక లయలో, ఆగకుండా దడదడమంటోంది. దానికి ఇవతల, చెవికి బాగా దగ్గరగా, ఎవరిదో ఊపిరి. ఊపిరి మధ్యలో 'ప్‌... మ్‌... ప్‌' అని నీటిబుడగలు పగిలినట్టు చిన్న చప్పుళ్ళు.

"హలో? వినబడుతోందా అండీ?"

ప్‌. మ్‌.

వెనకనుంచి నీడ పడింది. కత్తెర.

"ఎవరూ?"

"తెలీదు సార్. మాట్లాడుతున్నారు."

ఆయన పక్క బల్ల మీది హెడ్‌ఫోను తీసి ఒక చెవికి ఆనించాడు. "నాకేం వినబడటం లేదే?"

"మాట్లాడుతున్నారు సార్. వినబడటం లేదంతే."

"వినబడకుండా మాట్లాడేవాళ్ళని నా జన్మలో ఒక్కర్నే చూశానమ్మా. మా ఆవిడ అలిగినప్పుడు. రెండు హలోలు అయ్యాయిగా, కోసెయ్‌."

"ఒక్క నిమిషం సార్. ఆ వెనకాల వినండి. మగ్గాలు."

కత్తెర తెర వంక చూశాడు. ఫోను ఏ చుట్టుపక్కలనుంచి వచ్చిందో తెర ఒక చుక్క పెట్టి చూపిస్తుంది. చుక్క మిల్లు మీద పడింది. మిల్లు పేరు పక్కన 'మూసివేయబడినది' అని ఉంది.

"చూశావా? అక్కడ మనిషే లేడు. మూతపడ్డ మిల్లులో నేసేదెవరు, దయ్యాలా?"

పక్క బల్ల దగ్గర ఎప్పుడూ సగం నిద్రలో ఉండే బాబాయ్‌ కళ్ళు తెరవకుండానే అన్నాడు: "దయ్యాలకి మాత్రం తెల్లబట్టలు ఎక్కణ్ణుంచొస్తాయి సార్‌? ఎవరో ఒకరు నెయ్యాలిగా."

"నువ్వు పడుకోవయ్యా." కత్తెర గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు. కోసిన ప్రతి లైనూ కలలోకి వస్తుంది గనకే పగలంతా అంత కటువుగా ఉంటాడు. "చూడమ్మా. నువ్వు ఈ మూగలైను పట్టుకుని కూర్చున్నంతసేపూ, నిజంగా ప్రాణం పోతున్నవాడు ఎవడో బయట వరసలో నిలబడి ఉంటాడు. మొన్న వంటకి బండి పంపావు. ఇవాళ దయ్యాలకి పంపితే నిన్ను నేను కాపాడలేను."

"ఆ పిల్ల లైన్లు నాకు తిప్పండి సార్‌. నేను చూసుకుంటా" అన్నాడు బాబాయ్‌, ఈసారి కళ్ళు తెరిచి.

చెవులపిల్లి ఈ మాటలేవీ వినడం లేదు. కళ్ళు మూసుకుంది. ప్‌, మ్‌, ప్‌. ఈ చప్పుడు తనకి తెలుసు. ఎక్కడో కాదు, ఇంట్లోనే. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, ముందుగదిలో చాడీలు జోరందుకున్నప్పుడు, చాటున నిలబడితే వినబడేది ఇదొక్కటే. గొంతు లేకపోయినా పెదవులు తగిలి విడిపోయే చోట ఒక చిన్న చప్పుడు మిగులుతుంది. అటు మాట్లాడుతున్నది మిల్లు మనిషి. భయపడిన కొద్దీ మనమైతే గొంతు చించుకుంటాం. మిల్లు మనిషి భయపడితే నోరు ఇంకా పెద్దగా తెరుస్తుంది, గొంతు మాత్రం అలవాటుకొద్దీ తాళం వేసుకునే ఉంటుంది. పాపం ఆ మనిషి ఇందాకటినుంచీ అంతా చెప్పేశాననే అనుకుంటోంది. కళ్ళు చదవాల్సిన మాటని చెవికి పంపిస్తోంది.

కత్తెరకి ఓపిక అయిపోయింది. మైకు దగ్గరకి లాక్కుని "హలో! హలో!" అని కీచుమని రెండుసార్లు అరిచాడు. అవతల ఊపిరి ఇంకా కంగారుపడింది, అంతే.

"అలా కాదు సార్‌." చెవులపిల్లి మైకు వెనక్కి తీసుకుంది. మగ్గాల మధ్య బతికిన చెవికి కీచుగొంతు అందదు. అత్తగారితో కాపురం చేసి నేర్చుకున్న విద్య ఇది: గొంతు పెంచకూడదు, దించాలి. బావిలోకి చేద దించినట్టు, మెల్లగా, బరువుగా.

"అమ్మా... మీ పెదవులే ఆడుతున్నాయి... గొంతు రావడం లేదు. ఇది ఫోను. మీ మొహం నాకు కనబడదు. గొంతుతో చెప్పండి."

ఊపిరి ఆగింది. మగ్గాల వాన ఒక్కటే కాసేపు కురిసింది. ఆ తరవాత,

"అయ్యో నా మతి మండిపోనూ!"

ఆ అరుపుకి కత్తెర చెవిలోంచి హెడ్‌ఫోను ఊడి బల్ల మీద పడింది. బల్ల మీదనుంచి కూడా అందరికీ వినబడుతూనే ఉంది.

"ఇందాకటినుంచీ చెబుతూనే ఉన్నానుగా తల్లీ! పొద్దున వాన పట్టిందా, పట్టగానే పైకప్పు కారుతుందని నేనన్నానా, కారితే కారనీ అని పెద్దక్క అందా, అంతలో దారం తెగితే..."

"అమ్మా, ఆగండి. ముందు ఎక్కడో చెప్పండి. మిగతాది తరవాత."

కంగారులో ఉన్న మనిషి ఎప్పుడూ కథని మొదటినుంచీ చెబుతుంది. రామాయణం విన్నాక రాముడి అడ్రసు అడిగితే బండి వెళ్ళేసరికి అంతా అయిపోతుంది. ఎక్కడో తెలిస్తే, లైను ఆ క్షణాన తెగిపోయినా బండి కదులుతుంది. ఎక్కడో తెలియకపోతే ఎంత తెలిసినా గంట కొట్టుకుంటూ కూడలిలో నిలబడాల్సిందే.

"మిల్లు తల్లీ! మా మిల్లు. పాత నేత షెడ్డు."

"ఏమైంది?"

"చిత్తుదూది గదిలో పొగ. దూది మూటలు అంటుకున్నాయి."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"ఉంది! ఒక మనిషి ఉంది. షెడ్డు వైపు తలుపుకి అడ్డంగానే మూటలు కాలుతున్నాయి. పెరటి వైపు ఇంకో తలుపుంది గానీ, ఎంత నెట్టినా రావడం లేదంటోంది."

"ఆ పెరట్లోకి మీరెవరైనా వెళ్ళగలరా?"

"ఎలా వెళ్తాం? చుట్టూ ఎత్తు గోడ. నిచ్చెన ఉండాలి."

"బండి ఏ గేటుకి రావాలి?"

"గేటుకే."

చెవులపిల్లి కళ్ళముందు కిందటివారం గుండిగలు వరసగా కనిపించాయి. "తిరిగి చెబుతున్నాను, తప్పయితే ఆపండి. పాత మిల్లు, నేత షెడ్డు, చిత్తుదూది గదిలో మంట, లోపల ఒకరు చిక్కుకున్నారు, పెరట్లోకి నిచ్చెన కావాలి, బండి రోడ్డు వైపు గేటుకి..."

"కాదు కాదు! రోడ్డు వైపుది ఇటుకలతో కట్టేశారు! కాలవ వైపు. కాలవ వైపు రమ్మను!"

ఒక్క ప్రశ్నతో బండి ఊరు చుట్టి రావడం తప్పింది. ఆమె తల తిప్పి కత్తెరని చూసింది. "పంపాలి సార్‌."

కత్తెర తెర మీది 'మూసివేయబడినది' అన్న మాటని చూశాడు. ఆ మాట కదలడం లేదు. "తిరిగి చెప్పించుకున్నావా?"

"చెప్పించుకున్నాను."

"తప్పయితే?"

"ఈ చెవులు మీకిచ్చేస్తాను." హెడ్‌ఫోన్ల మీద చెయ్యి వేసింది.

ఆయన వంగి, ఆమె చెయ్యి మీదుగా తనే బొత్తాం నొక్కాడు. "ఫైరింజను, అంబులెన్సు, పాత మిల్లు, కాలవ వైపు గేటు. పొడుగు నిచ్చెన."

"అమ్మా, బండి బయల్దేరింది. ఫోను పెట్టెయ్యకండి. మీ వైపు పొగ వచ్చిందా?"

"లేదు. గోడలో మేస్త్రీ మా పని చూసుకునే పెద్ద అద్దాల కిటికీ ఉంది, ఇనప ఊచలతో. పొగంతా దాని అవతలే."

"మెయిన్‌ స్విచ్‌ దగ్గర పొగ లేకపోతే మగ్గాలు ఆపించండి. ఒకర్ని కాలవ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపమనండి. మిగతావాళ్ళందర్నీ బయటికి పంపేయండి. మీ వైపు పొగ కనిపించిందో, నాకు ఒక్క మాట కూడా చెప్పొద్దు, మీరూ బయటికి వెళ్ళిపోండి."

మగ్గాలు ఆగిపోయాయి.

ఒక్కొక్కటిగా కాదు, ఒక్కసారే. ఆ నిశ్శబ్దం లైను పొడుగునా నడిచి వచ్చి ఈ గదిలో కూర్చుంది. రెండు చోట్లా ఒకే వాన వినబడింది. మిల్లు రేకుల మీద కురిసేదీ, ఈ కిటికీ మీద జారేదీ కలిసిపోయి, చెవులపిల్లికి తను ఎక్కడ కూర్చుందో ఒక క్షణం తెలియలేదు. తలెత్తితే మగ్గాల వరసలు కనిపిస్తాయేమో, పడుగుదారాల మీద నీలివెలుగు పడుతోందేమో అనిపించింది.

"లోపలున్న ఆవిడ కనిపిస్తున్నారా అమ్మా?"

"కనిపిస్తోంది. అద్దం దగ్గరకొచ్చింది. మాట్లాడుతోంది."

"అద్దం అవతలినుంచి వినబడుతోందా?"

"వినబడటమేంటి తల్లీ, మా పెద్దక్క పెదవులాడితే నాకు చాలదూ?"

పెద్దక్క.

ఇందాక కథ మధ్యలో ఆ మాట వచ్చినప్పుడు ఆపడం మీదే ధ్యాస ఉండి పట్టించుకోలేదు. ఇప్పుడు పట్టుకుంది. ముందుగదిలో అత్తగారికి ఎదురుగా కూర్చున్న మనిషి పెదవుల మీద ఎన్నిసార్లు చదివిందో ఆ మాటని. ఇన్నాళ్ళూ చూసిన మనిషి, ఒక్కసారి కూడా గొంతు వినని మనిషి. కండెలక్క. అయితే అద్దం అవతల పొగలో ఉన్నది...

ఆమె కుర్చీ అంచు పట్టుకుంది. గొంతుని మాత్రం పైకి రానివ్వలేదు, చేద ఇంకో మూర దించింది.

"కండెలక్కా. నేను పెద్దక్క కోడల్ని. ఆవిడకి నా మాటలు అందించండి. నేలకి దగ్గరగా కూర్చోమనండి. తడిగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకోమనండి."

"నువ్వా తల్లీ! ...చెబుతున్నా, చెబుతున్నా. తడిగుడ్డకి నీళ్ళెక్కడివి అంటోంది."

"పైకప్పు కారుతుందన్నారుగా మీరు? ఆ గదిలోనేనా?"

"ఆ గదిలోనే. ఓ మూల ఇంత చిల్లు."

"మంటకి దూరంగా ఉన్న మూలేనా?"

"దూరమే."

"ఆ చిల్లు కిందికి వెళ్ళమనండి. పొగ పైకి పోతుంది, నీళ్ళు కిందికొస్తాయి. కొంగు తడుపుకోమనండి."

కథ మొదటినుంచీ చెప్పడం కూడా ఒక్కోసారి పనికొస్తుందన్నమాట. చుట్టూ ఉన్న బల్లల దగ్గర, లైన్లు ఖాళీగా ఉన్నవాళ్ళందరూ ఇటే చూస్తున్నారు.

"వెళ్ళింది. కూర్చుంది. కొంగు తడుపుకుంది." కండెలక్క గొంతు తగ్గింది. "ఫోను ఎత్తింది మీ కోడలే అని చెప్పాను తల్లీ. ఏమందో తెలుసా?"

"ఏమన్నారు?"

"అయితే నాకేం భయం లేదంది. ఆ పిల్లకి పెదవులు చదవడం వచ్చు, తలుపు చాటున నిలబడి నేర్చుకుంది, నాకు ఎప్పుడో తెలుసంది. తెలిసే తిట్టానంది."

చెవులపిల్లికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. రెండూ ఒకే గుమ్మంలో ఇరుక్కుని ఏదీ బయటికి రాలేదు. తన చాటు చాటే కాదన్నమాట. ఉప్పు లేదన్నదీ, నవ్వు లేదన్నదీ, అన్నీ చాడీలు కావు, ఉత్తరాలు. చిరునామా సరిగ్గా రాసి మరీ పంపిన ఉత్తరాలు.

"ఇంకా ఏమంటున్నారు?"

"ఇప్పుడు... దగ్గుతోంది తల్లీ. పెదవులు సరిగా కనబడటం లేదు. పొగ ఎక్కువైంది. పెద్దక్కా! పెద్దక్కా!" ఆ పిలుపుల్లో రెండోది సగంలో గొంతు లేకుండా పోయింది. ప్‌ అని చిన్న చప్పుడు మిగిలింది.

"గొంతు, కండెలక్కా. గొంతు. నేను ఇక్కడే ఉన్నాను."

దూరంగా గంట వినబడింది. ముందు ఫోనులో, తరవాత కలలో లాగా కిటికీ బయట కాలవ దిక్కునుంచి. మనుషుల కేకలు. గోడకి నిచ్చెన ఆనిన చప్పుడు. నీళ్ళ హోరు. ఆ హోరులో లైను తెగిపోయింది.

బాబాయ్‌ మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె చూడలేదు. తెర మీద చుక్క ఒక్కటే వెలిగి ఆరుతోంది. మూతపడ్డ మిల్లు మీద, తెరిచి ఉన్న కన్నులాగా.

కత్తెర జేబులో సెల్‌ఫోను మోగింది. ఆయన చూసి, స్పీకరు పెట్టాడు. ఫైరింజను పెద్దాయన గొంతు, ఆయాసంతో: "తీశామండీ. పెరటి తలుపునుంచి. మనిషి క్షేమం. పొగ పీల్చింది, గొంతు పూర్తిగా పట్టేసింది, మాట రావడం లేదు. ఆక్సిజన్‌ పెడుతున్నారు."

గది ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు. కత్తెర కుర్చీ లాక్కుని, చెవులపిల్లి ఎదురుగా, మొట్టమొదటిసారి ఆమె కన్నా తక్కువ ఎత్తులో కూర్చున్నాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. మూగలైను మాట్లాడటమేంటి, మాట్లాడితే ఆ పిడుగేంటి, మూతపడ్డ మిల్లులో మగ్గాలేంటి?"

ఆమె అందరికీ వినబడేలా చెప్పింది. షెడ్డులో గొంతులు ఎలా పనికిరాకుండా పోతాయో, పెదవులు ఎలా గొంతులవుతాయో, భయపడితే మిల్లు మనిషి ఎందుకు మూగబోతుందో, కీచుగా అరిస్తే ఎందుకు వినబడదో, కండెలక్క మోకాళ్ళ నొప్పులని చెప్పి అత్తగారు మధ్యాహ్నాలు ఎలా మాయమవుతున్నారో. మగ్గాల సంగతి మాత్రం ఫైరింజను పెద్దాయనే స్పీకరులోంచి పూర్తి చేశాడు. వయసంతా ఆ చప్పుడులో గడిపిన ఆడవాళ్ళకి, మిల్లు ఆగిపోయాక ఇంటి దగ్గర కునుకు పట్టడం లేదట. వాచ్‌మన్‌ని బతిమాలి, మిగిలిపోయిన నూలుతో మధ్యాహ్నం పూట నాలుగు మగ్గాలు ఆడిస్తారట. వంతులవారీగా కొందరు నేస్తుంటే మిగతావాళ్ళు ఆ చప్పుడులో, నేల మీదే, హాయిగా పడుకుంటారట.

"అంటే అక్కడ నేస్తున్నది దయ్యాలు కాదు సార్‌, నిద్ర" అన్నాడు బాబాయ్‌. "మోకాళ్ళ నొప్పులన్నది ఆ మోకాళ్ళకే తెలీదన్నమాట."

అందరూ నవ్వారు. చెవులపిల్లి కూడా. కత్తెర ఆమె హెడ్‌ఫోన్ల వంక చూసి "అవి నీ దగ్గరే ఉండనీ" అన్నాడు.

"ఆవిడ కోడలితో ఏదో చెప్పాలంటోందండీ" అన్నాడు పెద్దాయన. "చెయ్యి లాగుతోంది. మాకేం అర్థం కావడం లేదు. మొహం చూపిస్తా, చూసుకోండి."

సెల్‌ఫోను తెర మీద వీడియో వెలిగింది. మసి పట్టిన నుదురు, తడి జుట్టు, ఆక్సిజన్‌ మాస్కు. అత్తగారు మాస్కు పక్కకి లాగేశారు. గది మొత్తం చెవులపిల్లి భుజాల మీదికి వంగింది. పెదవులు కదిలాయి. ఆమె నవ్వుతూ పైకి చదివింది:

"పొయ్యి మీద... పాలు దింపి వెళ్ళావా..."

మళ్ళీ నవ్వులు. పెదవులు ఆగలేదు.

"పెరటి తలుపుకి గడియ... బయటినుంచి..." ఆమె గొంతు నెమ్మదించింది. నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

ఆ తరవాత మాటలు ఆమె పైకి చదవలేదు. ఒక్కతే చదువుకుంది. *గడియ వేసిన చెయ్యి సందులోంచి చూశా. మనవాడిదే, నీ మొగుడిదే. నేను లోపలున్నట్టు వాడికి తెలీదు. కేకేశాను. పెదవులతోనే కేకేశాను, నా అలవాటు పాడుగాను. వాడు పక్క గోదాములోకి వెళ్ళాడు. మనవాడు బయటికొచ్చాడా?*

అత్తగారి తల వెనకాల, చిన్న తెర మూలలో, ఎవరూ చూడని గోదాము రేకుల కప్పు కనిపిస్తోంది. దాని అంచునుంచి, వానకి ఎదురుగా, సన్నగా, తెల్లగా పొగ పైకి లేస్తోంది.

చూసినది ఆమె ఒక్కతే.

ఆమె కత్తెర వైపు తిరిగింది. ఎక్కడో తెలుసు. ఏమిటో తెలుసు. లోపల ఎవరో తెలుసు. ఏది ముందు చెప్పాలో వెయ్యిమందికి నేర్పిన మనిషి. నోరు తెరిచింది. పెదవులు కదిలాయి. ప్‌. మ్‌.

గొంతు లేదు.

కత్తెర ఒక్క క్షణం ఆ పెదవుల్నే చూశాడు. తరవాత కుర్చీ ముందుకు జరుపుకుని, జీవితంలో మొదటిసారి, తన కీచుగొంతుని బావిలోకి దించాడు.

"అమ్మా... గొంతుతో చెప్పు. ముందు ఎక్కడో చెప్పు."